ఉతకని చీర

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే బావ ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదు పాపా" అన్నాడు. మా మేనత్త నిద్రలోనే పోయింది. మంచి చావు అన్నారు వచ్చినవాళ్ళంతా. నాకు ఒళ్ళు మండింది. రాయపురంలో ఆమె కోసం ఎదురుచూసే పిల్లలకు ఈ మాట ఎవరు చెబుతారు?

అత్త బడిపంతులమ్మగా రిటైరైంది. మైలాపూరులో ఇంటిపట్టున ఉండలేక, రాయపురం హార్బరు పక్కన ఒక రేకుల గదిలో చిన్నపిల్లల్ని చూసుకునేది. జీతం లేదు. తల్లులు చీకటితోనే చేపలు శుభ్రం చేసే పనికి వెళ్ళిపోయేవాళ్ళు. సెలవు రోజుల్లో నేనూ తోడు వెళ్ళేదాన్ని. పసిపిల్లల పక్కన ఊరికే కూర్చోవడం నాకు నేర్పింది ఆమే. ఎవరైనా దాన్ని సేవ అంటే మాత్రం ఆమెకు చిర్రెత్తుకొచ్చేది.

"సేవేంది? పిలకాయల్తో ఆడుకోను పోతా ఉండా."

ప్రతి తల్లినీ కట్టి విడిచిన చీర ముక్క ఒకటి అడిగి తీసుకునేది. మధ్యాహ్నం పాటలూ ఆటలూ అయ్యాక ఎవరి ముక్క వాళ్ళు మొహానికి చుట్టుకుని నిద్రపోయేవాళ్ళు. గదంతా చేపల కంపు. వాటిని ఉతుకుదామా అంటే అత్త ఒప్పుకోలేదు.

"ఉతకబాక పాపా. ఉతికితే దాంట్లో అమ్మ యాడుంటింది?"

దేవి అనే పాప తల్లి నిరుడు జ్వరమొచ్చి చనిపోయింది. తల్లి చీర ముక్కను దేవి చాలాకాలం వదల్లేదు. ఒకరోజు తనే దాన్ని పక్కన పెట్టి, అత్త కొంగు పట్టుకుని పడుకుంది. "వాసన పోయినట్టుండాది" అంది అత్త మెల్లగా. ఆనాటి నుంచి దేవి లేచేదాకా అత్త కాళ్ళు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. "నేనింకా కొన్నేళ్ళు గట్టిగా ఉండాల. ఈ బిడ్డ ఇంకోసారి తట్టుకోలేదు" అనేది.

సాయంత్రం ఇంటికి రాగానే కోడలు ఆమెను స్నానానికి పంపి, ఆ చీర అప్పటికప్పుడే నానబెట్టేది. నీచు వాసన ఆ ఇంట్లో ఎవరికీ పడదు. అత్త నవ్వి ఊరుకునేది.

అత్త పోయాక పిల్లల దగ్గరికి రోజూ నేనే వెళ్ళాను. దేవి మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. "పాటీ వస్తదా?" అని అడిగింది. పిల్లలంతా ఆమెను అవ్వ అనే అర్థంలో అలాగే పిలిచేవాళ్ళు. రాదని చెప్పాను. తల ఊపి, మళ్ళీ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

పదోరోజు అయ్యాక మైలాపూరు వెళ్ళి, అత్త కట్టి విడిచిన చీర ఏదైనా ఉందా అని కోడల్ని అడిగాను. ఆమె బీరువా తెరిచి ఏడ్చేసింది.

"అన్నీ నా చేత్తోనే ఉతికి ఇస్త్రీ చేసినా అక్కా. మాసింది ఒక్కటి కూడా లేదు."

ఆమెను ఏమనగలను? ఆ ఇల్లాలి ప్రేమ అది. అత్త ఎక్కువగా కట్టుకునే నీలం నేతచీర తీసుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని దేవి చేతికిచ్చాను. మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఇంకోవైపు తిప్పి మళ్ళీ పీల్చింది. తర్వాత మడత చెదరకుండా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, వెళ్ళి తలుపుకెదురుగా కూర్చుంది.