పాతికేళ్లకు తీసిన పెళ్లి ఫొటో

తొంభైల చివర్లో విజయవాడ వన్ టౌన్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాను. మాది గన్నవరం దగ్గర పల్లె. పొద్దున్నే బస్సెక్కి వచ్చేదాన్ని. మా ఓనరుగారు అంతకుముందు స్టూడియోలో సన్నని బ్రష్షుతో ఫొటోలకు మెరుగులు దిద్దిన మనిషి. కంప్యూటర్ కొన్నారు గానీ మౌస్ ముట్టుకునేవారు కాదు. శుభలేఖలు, కరపత్రాలు అన్నీ నేనే చేసేదాన్ని.

ఒకరోజు బందరు వైపు నుంచి వలల దారం కొనడానికి వచ్చిన ఒకావిడ మా మెట్లెక్కింది. చేపల వ్యాపారం ఆమెది. ప్లాస్టిక్ కవరులోంచి రెండు నలుపు తెలుపు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఆమె భర్త కుర్రతనంలో స్టూడియోలో దిగింది. రెండోది ఎవరిదో పెళ్లిలో గ్రూపు ఫొటో. వెనక వరసలో పెసరగింజంత మొహం ఆమెది.

"మా పెళ్లికి ఫొటో తీసేవోడు రాలేదమ్మా. మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన పెట్టగలవా?"

"ఇప్పుడు ఇద్దరూ వచ్చి దిగొచ్చు కదండీ" అన్నాను.

"ఇప్పుడు దిగితే ఇప్పటి మొహాలొస్తాయి. నెలాఖర్లో మా అమ్మాయి పెళ్లి. మేం పెళ్లినాడు ఎలాగున్నామో దానికి చూపించాలి."

వారంలో ఇస్తానని ధీమాగా చెప్పాను. ఆమె వెళ్లగానే గ్రూపు ఫొటో స్కాన్ చేసి, ఆమె మొహాన్ని తెర నిండా పెద్దది చేశాను. కళ్లూ లేవు, ముక్కూ లేదు. గచ్చు మీద బండలు పరిచినట్టు బూడిదరంగు గళ్లు.

ఓనరుగారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "కంప్యూటర్ దగ్గర బొమ్మ ఉండదమ్మాయ్, చుక్కలుంటాయి. ఆవిడ మొహానికి నువ్వెన్ని చుక్కలిచ్చావు?"

ఈ చెవి నుంచి ఆ చెవికి లెక్కపెడితే పన్నెండు.

"పన్నెండు చుక్కల్లో అది కన్నెక్కడ పెడుతుంది, ముక్కెక్కడ పెడుతుంది? సాగదీస్తే ఉన్న చుక్క లావెక్కుతుంది గానీ కొత్త చుక్క పుట్టదు" అని నా చేతికి భూతద్దం ఇచ్చారు. అసలు ఫొటోలో చూస్తే కళ్లున్నాయి, చిన్న ముక్కుపుడక కూడా ఉంది. లోపం ఫొటోది కాదు. స్కానర్‌ను అంగుళానికి డెబ్బై అయిదు చుక్కల దగ్గర వదిలేసింది నేనే.

దాన్ని పన్నెండువందలకు పెంచి, ఆమె ఉన్న చోటు మాత్రమే మళ్లీ స్కాన్ చేశాను. స్కానర్ దీపం చీమలా పాకింది. చివరికి తెర మీద పదిహేడేళ్ల పిల్ల నవ్వు ఆపుకుంటూ కనిపించింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

వారం తర్వాత ఆమె వచ్చి, జంటగా కుదిర్చిన బొమ్మను చాలాసేపు చూసింది. "ఆయన ఆయనే. పక్కన ఎవరమ్మా?"

అందరూ అడిగేదే కదా అని ఆమెను ముందే కాస్త తెల్లగా చేసి ఉంచాను. ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుందనీ, సున్నా అయితే నలుపనీ, రెండువందల యాభై అయిదు అయితే తెలుపనీ, నేను ఆమె అంకెలు పెంచాననీ చెప్పాను.

"అయితే నా అంకెలు నాకిచ్చెయ్యి."

ఒక్కో మెట్టే తగ్గిస్తూ వచ్చాను. "ఇంకా... ఇంకొంచెం..." అంటూ తెర మీదకు వంగింది. "అదిగో. అది నేను."

అమ్మాయి పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ బుట్టలో రొయ్యలతో వచ్చారు. కూతురు ఫొటోను అత్తారింటికి పట్టుకుపోయిందట, ఇంకోటి కావాలన్నారు.

"కాపీకి కాపీ తీస్తే మసకబారుతుందండీ" అన్నారు ఓనరుగారు పాత అలవాటున.

"అంకెలు మసకబారవు సార్" అన్నాను. ఆయన ఫక్కున నవ్వేశారు.

ప్రింటర్ మొదలైంది. కాగితం వెంట్రుకవాసిగా బయటకొస్తుంటే ఆమె భర్త దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు.

"వస్తున్నావే" అని భార్యతో అన్నాడు.

"ఎక్కడికి పోతాను" అంటూ ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది.