సంగటి ముద్దకు పరీక్ష పెట్టడానికి వేంపల్లె దాకా

షుగరు అంచుకు వచ్చిందని కర్నూలు డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో వైద్యుడినీ నేనే, రోగినీ నేనే. మూడు నెలలు తిండి సరిచేసుకోండి, అప్పటికీ దిగకపోతే మాత్రలు మొదలుపెడదాం అన్నాడాయన. సరే, పద్ధతిగా చేద్దామనుకున్నాను. రోజుకో తిండి, తిన్న రెండు గంటలకు వేలికి సూది. ఇడ్లీ ఓడిపోయింది, ఉగ్గాని ఓడిపోయింది, వరి అన్నం గురించి చెప్పనే అక్కర్లేదు. అసలు దెబ్బ ఏమిటంటే, నేను ప్రాణంగా తినే రాగి సంగటి కూడా అన్నంతో సమానంగా అంకెను ఎక్కించింది. అది మానేస్తే ఇక నాకు భోజనానికి కూర్చోబుద్ధే కాదు. మా ఆవిడ సుజాత మాత్రం ఒప్పుకోలేదు. "వేంపల్లెలో మా అక్కోళ్లు రెండు పూటలా అదే తింటారు. మా బావకు షుగరుండాదా? ఆడికి పోయి తిని చూడండి" అంది. అక్కడా అంకె ఎక్కితే సంగటికి దండం పెట్టేస్తానని ఆమెకు మాటిచ్చి బయల్దేరాను.

ఉదయం ఐదున్నరకు కర్నూలు బస్టాండులో కడప బస్సు ఎక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దాదాపు ఐదు గంటలు పట్టింది. టికెట్టు మూడు వందల పైచిలుకు. లెక్క చెడకూడదని ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు ఉడికిన గుడ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆళ్లగడ్డలో పక్క సీటు పెద్దాయన వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి నా ముందు పెట్టాడు.

"తినప్పా, సిగ్గెందుకు?"

"వద్దు పెద్దాయనా, ఒంటికి ఏ తిండి పడుతుందో పరీక్ష చేసుకుంటున్నా."

"బజ్జీ వాసన చూసి నోరు కట్టుకున్న్యావు సూడు, అదే పెద్ద పరీక్షప్పా" అని ఆయన నిమ్మళంగా నాలుగూ తినేశాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది.

కడపలో పులివెందుల బస్సు ఎక్కి గంటకు పైగా కూర్చుంటే వేంపల్లె. బస్టాండు నుంచి మా వదిన సుబ్బమ్మ ఇల్లు పది నిమిషాల నడక. ఆమె భర్త ఓబన్న, అంటే నా తోడల్లుడు, చీనీకాయల తోట నుంచి అప్పుడే వచ్చాడు. ఒంటిగంటకు వడ్డన. సంగటి, పుల్లగూర, చెనిక్కాయల చట్నీ. ముద్ద తెల్లగా, వెన్నలా మెత్తగా ఉంది. ఒక్కటే తిన్నాను. రెండోది వద్దంటే వదిన మూతి ముడుచుకుంది.

మూడింటికి సూది గుచ్చుకున్నాను. అంకె నూట తొంభై దాటింది. అదే అన్నం, అదే ఇడ్లీ, అదే కథ. "అయిపోయింది వదినా, ఈ జన్మకు సంగటి ఇంతే" అన్నాను.

వదిన ముఖం పాలిపోయింది. ఓబన్న మాత్రం పకపకా నవ్వాడు.

"ఏమప్పా, నా తట్టలో ముద్ద సూల్యేదా? నాది నల్లగా ఉండె, నీది తెల్లగా ఉండె. మా ఇంట్లో దినామూ పిడికెడు నూకలకు కుండెడు రాగిపిండి. నీకు మీ వదిన సగానికి సగం బియ్యమేసింది."

"ఇంటల్లునికి నల్లముద్ద పెట్టేదానికి నాకేమన్నా తిక్కా?" అని వదిన అతని మీద లేచింది.

అప్పుడొక అనుమానం వచ్చి సుజాతకు ఫోన్ చేశాను. మన ఇంట్లో బియ్యం ఎంత వేస్తావంటే, "సగం. పెండ్లైన కాడ్నుంచి అంతే. అల్లునికి అట్లే పెట్టాలని మా అమ్మ చెప్పిండ్య" అంది. అంటే ఇన్నేళ్లూ నేను నా ఇంట్లోనే చుట్టాన్ని!

రేపు ఇదే వేళకు మీరు తినేదే పెట్టమని వదినను బతిమాలాను. ఒక పట్టాన ఒప్పుకోలేదు. మరునాడు ఒంటిగంటకు, ఎవరన్నా చూస్తారేమోనని వీధి తలుపు గడియ పెట్టి మరీ నల్లముద్ద వడ్డించింది. నా మాట విన్నందుకు ఆమె దాక్కోవాల్సి రావడం చూసి నాకు మనసు చివుక్కుమంది. అంతలో పెరటి వాకిలి నుంచి పక్కింటామె మజ్జిగ కోసం వచ్చి నా తట్ట చూసి ఆగిపోయింది.

"ఇదేందక్కా, మీ మరిదికి నల్లముద్ద పెట్టినావే!"

వదిన ఇంకో ముద్ద తెచ్చి నా తట్టలో మొదటిదాని పక్కన పెట్టి, "ఆయప్ప చుట్టమా యేందిమే? మా ఇంటి మనిషే" అంది.

ఆ రెండో ముద్ద వద్దనలేకపోయాను. లెక్క చెడింది. అయినా మూడింటికి అంకె నూట యాభై దాటలేదు.

ఒక్క పూటతో ఏదీ తేలదు. ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాను, డాక్టరుకూ చూపిస్తాను. నల్లముద్ద ఇప్పటికైతే నా పక్షానే ఉంది. ఒంటికి ఏది పడుతుందో తెలుసుకోవడానికి సూది, మిషను చాలనుకున్నాను. మన దగ్గర తిండిలో మర్యాద కూడా ఒక దినుసేనని, దాన్ని లెక్కలో వేసుకోవాలని వేంపల్లె వెళ్తే గానీ తెలియలేదు. మీరూ ఇలాంటి పని మీద చుట్టాలింటికి వెళ్తుంటే ఒక్క మాట: వడ్డించే వేళకు కాదు, ఎసరు పెట్టే వేళకే చేరుకుని వంటింట్లో నిలబడండి.