న్యూట్రల్లో పెట్టమని చెప్పానన్నాను

ముప్పై ఏళ్లు దాటిన జీపుకి రిమోట్ స్టార్టు, అలారం పెట్టించుకున్నవాణ్ణి మదనపల్లెలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఆ జీపు మా నాన్న కొన్నది. తలుపు వేయాలంటే కాస్త ఎత్తి వేయాలి. హారన్ ఒకసారి నొక్కితే పలకదు. అలాంటిదానికి ఆ సోకు ఎందుకంటే, మా బావమరిది కొత్త కారు కొన్నాడు కాబట్టి.

బావమరిది వాళ్లది కుప్పం. కారు కొన్న వారంలోనే మా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చునే జేబులో ఏదో నొక్కాడు. బయట కారు తనంతట తానే స్టార్టయింది. "మీ జీపును తోసేదానికి ఎంతమంది కావాల బావా?" అని నవ్వాడు. నా భార్య కూడా నవ్వింది. ఆమె నవ్వకపోయి ఉంటే నాకంత రోషం వచ్చేది కాదేమో. చూడండి, ఇప్పుడు కూడా తప్పు ఇంకొకరి మీదికే తోస్తున్నాను.

మా జీపు నడిపేది మామ. చుట్టరికం ఏమీ లేదు. నాన్న కాలం నుంచి మా బండి మీద ఉన్నాడు, నేను పలక పట్టిన రోజుల నుంచి మామా అనే పిలుస్తున్నాను. నాకున్నది ఎరువుల అంగడి. సరుకు తేవాలన్నా, పెళ్లికి పోవాలన్నా మామ స్టీరింగు ముందు ఉంటేనే నాకు ధైర్యం. జీపుకి హ్యాండ్ బ్రేకు పట్టదు. అందుకని ఎక్కడ ఆపినా మామ బండిని ఫస్టు గేరులో వదిలి, దిగి చక్రానికి రాయి పెడతాడు. మా వైపు పాత బండ్లు నడిపేవాళ్లందరిదీ అదే పద్ధతి. చేతికి అలవాటైపోయిన పని, ఎవరూ ఆలోచించి చేయరు.

పుంగనూరులో రోడ్డు పక్క షెడ్డులో ఒక ఎలక్ట్రీషియన్ ఏ బండికి ఏదైనా బిగిస్తాడని ఎవరో చెప్పారు. మామను వెంటబెట్టుకుని వెళ్లాను. అతను బానెట్ ఎత్తి చూసి, "ఈ బండికి యాల సామీ ఇది?" అన్నాడు. నేను పట్టుబట్టాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా స్టీరింగు కింద దూరి, వైర్లు విప్పి, కలిపి, బానెట్ కింద చిన్న సైరన్ బిగించాడు. రిమోటు నా చేతిలో పెడుతూ చెప్పాడు:

"ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకో సామీ. ఇంక మీద బండిని గేరులో నిలపొద్దు, న్యూట్రల్లోనే నిలపాల. గేరులో ఉండంగా ఇది నొక్కితే బండి ముందుకు దూకుతాది. ఫస్టు ఆ హ్యాండ్ బ్రేకు బాగు చేపిచ్చుకో. మీ డ్రైవరుకు కూడా చెప్పు."

మామ అప్పుడు టీ తాగడానికి వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చాక నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే, "బ్రేకు లేని బండిని న్యూట్రల్లో యాడ నిలిపేది? పీకి పారేయమను దాన్ని" అంటాడని తెలుసు. ఆ మాట న్యాయమైనదేనని కూడా తెలుసు. బ్రేకు సంగతి తర్వాత చూసుకుందాం, కుప్పంలో ఒక్కసారి చూపిస్తే చాలు, నొక్కే ముందు నేనే వెళ్లి గేరు తీసి వస్తాను అనుకున్నాను.

తర్వాతి వారమే బావమరిది కూతురికి చెవులు కుట్టించారు. ఆ వారమంతా మా వీధిలో లారీ పోయినప్పుడల్లా జీపు సైరన్ కూస్తూనే ఉంది, నేను మురిసిపోతూనే ఉన్నాను. కుప్పంలో భోజనాలయ్యాక మగవాళ్లం వసారాలో కూర్చున్నాం. వాళ్ల వీధి కాస్త ఏటవాలుగా ఉంటుంది. మామ జీపును ఎగువ వైపు తిప్పి, ఫస్టు గేరులో వదిలి, వెనక చక్రానికి రాయి పెట్టాడు. మాటల్లో బావమరిది మళ్లీ జీపు ఊసు ఎత్తాడు. ఇంకేం, రిమోటు బయటికి తీశాను. అందరూ నా వైపు తిరిగేసరికి గేరు సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది. అలారం మీట నొక్కాను, సైరన్ కూసింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో మీట నొక్కాను.

జీపు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. దాని ముందు, వీధి చివర అడ్డంగా ఉన్న గోడ నీడలో, మామ గొంతుక్కూర్చుని ఆకు వక్క వేసుకుంటున్నాడు. నేను కూర్చున్న చోటికి ఆయన కనిపించలేదు. బంపరు ఆయన మోకాలిని గోడకేసి అదిమింది. ఇంజను గురక పెట్టి ఆగిపోయింది.

ఒకడు ఎక్కి గేరు తీస్తే, నలుగురం జీపును పట్టుకుని వెనక్కి దించాం. మామ మోకాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎట్లయింది, ఎట్లయింది అని అందరూ నన్నే అడిగారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"న్యూట్రల్లో పెట్టమని చెప్పినా కదా మామా. అంత చెప్పినా గేరులో యాల పెట్టినావు?"

మామ నా ముఖంలోకి చూశాడు. తర్వాత అక్కడున్నవాళ్లతో, "అవునప్పా, చెప్పే ఉంటాడు. నేనే మరిసిపొయినట్టుండాను" అన్నాడు.

నా పరువు కాపాడడానికి ఆ మాట అన్నాడనుకున్నాను. సిగ్గుతో తల వాలిపోయింది. దాంతోపాటు, గండం గడిచిందని లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. ఈ వాక్యం రాయడానికి చేయి రావడం లేదు, కానీ నిజం అదే. ఆస్పత్రికి తీసుకెళ్లాను, కట్టు కట్టించాను, ఎముక విరగలేదంటే దేవుడికి దండం పెట్టుకున్నాను. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముసలాయనకు మతిమరుపు వచ్చిందట పాపం అనే మాట మాకంటే ముందే మదనపల్లె చేరింది. పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ బండి నడపడానికి ఆయన్నే పిలుచుకుపోయే ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు. కాలు బాగయ్యాక కూడా మామ మా బండి ఎక్కలేదు. రెండు నెలలు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక ఊరి చివర ఉన్న ఆయన ఇంటికి వెళ్లాను.

మామ పెరట్లో ఉన్నాడు. ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "గ్యాసు కట్టేసినానా లేదా అని పదిసార్లు సూస్తాండాడు నాయనా. బీగం ఏసి, నాలుగడుగులు పొయ్యి మళ్లా వస్తాడు. డాక్టరు దగ్గరికి పొయ్యి మతిమరుపుకి మాత్రలు రాపిచ్చుకున్యాడు."

మామ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని అంతా చెప్పేశాను. "ఆ మాట ఎలక్ట్రీషియన్ నాకు చెప్పినాడు మామా. నేను నీకు చెప్పలేదు. అందరి ముందరా అబద్ధం ఆడినా. నా బిడ్డల మీద ఒట్టు."

ఆయన నవ్వి, రెండో చేత్తో నా చేతిని తట్టాడు. "బిడ్డల మీద ఒట్లు పెట్టుకోగూడదు నాయనా. నా మనసు కష్టపడగూడదని చెప్తాండావు, నాకు తెల్దా? నిన్ను సిన్నప్పటినుంచి ఎత్తుకోని తిరిగినోణ్ని. అంతమందిలో నా మీద అబద్ధం నువ్వు యాల చెప్తావు?"

మర్నాడు కుప్పం వెళ్లి బావమరిదికి, ఆ రోజు వసారాలో ఉన్న మిగతావాళ్లకి నిజం చెప్పాను. మదనపల్లెలో ఆయన్ని పిలవడం మానేసిన ఇళ్లకూ తిరిగి చెప్పాను. ఒక్కరు కూడా రెండోసారి అడగలేదు, వెంటనే నమ్మేశారు. మామ మాత్రం ఇంకా ఆ మాత్రలు వేసుకుంటున్నాడు.