నిర్దోషుల అలమర

జడ్జిగారికి ఒక్కటే జబ్బు: నేరం రుజువైతే తప్ప ఏ పార్టునీ మార్చరు. ఆయన నిజం జడ్జి కాదు, కారు మెకానిక్కు. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డే ఆయన కోర్టు. బానెట్ ఎత్తితే విచారణ మొదలైనట్టు, దించితే వాయిదా పడ్డట్టు. ఒకసారి టైరులో మేకు దిగిందని ఒకాయన పరిగెత్తుకొస్తే, "మేకు ఉన్నంత మాత్రాన గాలి అదే తీసిందని ఎలా అంటాం?" అని అరగంట ప్రశ్నలు వేశారు. చివరికి గాలి పోతున్నది వాల్వులోంచని తేలిందనుకోండి, అది వేరే సంగతి.

షెడ్డు గోడకి ఒక అలమర ఉండేది. దానిమీద తెల్లరంగుతో "నిర్దోషులు" అని రాసి ఉండేది. వేరేచోట్ల ఊరికే పీకేసిన ప్లగ్గుల్నీ పంపుల్నీ శుభ్రంగా తుడిచి అందులో వరసగా కూర్చోబెట్టేవారు.

ఆ సోమవారం మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ వాళ్ల నాన్నగారి పాత కారులో, సంచినిండా పాత సామానుతో వచ్చింది. బడి దూరానికి మారడంతో రెండు బస్సులు ఎక్కి దిగలేక, యాభై నాలుగో ఏట స్టీరింగు పట్టింది. మొదటి డ్రైవింగు పరీక్షలో బండి నడిరోడ్డు మీద ఆగిపోయి తప్పింది. రెండోది శుక్రవారం. అదీ తప్పితే శనివారం కారు అమ్మేస్తానని తమ్ముడు అప్పుడే బేరం కుదిర్చాడు.

జడ్జిగారు సంచి విప్పి నొచ్చుకున్నారు. "పెట్రోలు పంపు, ఆక్సిజన్ సెన్సరు... అయ్యో, వీటి తప్పేముందమ్మా?"

"ఏమో మరి, మూడు షెడ్లలో మూడు మార్చారు. మా తమ్ముడేమో తప్పు బండిది కాదు, నా కాలిదంటాడు. క్లచ్ తొక్కడం రాదట."

"మీ కాలిమీద ఆధారాలేమన్నా ఉన్నాయా?"

టీచరమ్మకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

"బండి ఎప్పుడాగుతుంది?" అని అడిగారాయన. ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ అడగలేదు. ఆవిడ చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసింది. పంతొమ్మిది నిమిషాలు, ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై. ఆగాక అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే.

జడ్జిగారు పుస్తకాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశారు. "ఇలాంటి సాక్షి నాకింతవరకు దొరకలేదమ్మా! బండి ఇక్కడే ఉంచండి. బుధవారానికి వాయిదా. మీ తమ్ముడుగారు కూడా హాజరు కావాలి."

"వాడెందుకండీ? శుక్రవారం పరీక్ష!"

"ఫిర్యాది లేకుండా తీర్పు చెప్పను."

బుధవారం తమ్ముడు విసుక్కుంటూనే వచ్చాడు. "ఏంటండీ ఈ నాటకం? ఇరవై ఏళ్లనుంచి నడుపుతున్నాను, బండి సంగతి నాకు తెలీదా?"

"అందుకే మీరు నడపాలి" అని జడ్జిగారు తాళాలు అతని చేతిలో పెట్టి, తడిగుడ్డ, నీళ్ల సీసా పట్టుకుని వెనకసీట్లో కూర్చున్నారు. టీచరమ్మ ముందుసీట్లో గడియారం చూస్తూ కూర్చుంది. వీధులన్నీ తిరిగారు. పద్దెనిమిది నిమిషాలు. పంతొమ్మిది. సరిగ్గా నాలుగురోడ్ల కూడలి మధ్యలో బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. వెనక హారన్ల గోల.

"నేనేం చెయ్యలేదు!" అన్నాడు తమ్ముడు.

"ఇన్నాళ్లూ నేనూ అదే అన్నానురా" అంది అక్క.

బండిని పక్కకి తోశారు. జడ్జిగారు బానెట్ ఎత్తి, ఇంజన్ కింది భాగంలో బొటనవేలంత ఉన్న ఒక సెన్సరు మీద తడిగుడ్డ కప్పి నీళ్లు పోశారు. రెండు నిమిషాలకి తాళం తిప్పితే బండి బుద్ధిగా స్టార్టయింది.

"ఇది క్రాంక్ సెన్సరు. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటరుకి కబురందించే ఉద్యోగం దీనిది. ఒళ్లు వేడెక్కితే నోరు పడిపోతుంది. కబురు రాకపోతే ఇంజన్ ఆగిపోయిందనుకుని కంప్యూటరు పెట్రోలు కట్టేస్తుంది."

"ఏదో కలిసొచ్చి ఉంటుంది" అని గొణిగాడు తమ్ముడు.

ఆ మాటకోసమే కాచుకున్నట్టు, షెడ్డుకి రాగానే జడ్జిగారు జుట్టు ఆరబెట్టే మిషను తీశారు. సెన్సరుకి వేడిగాలి పట్టిస్తే ఇంజన్ ఆగింది. తడిగుడ్డ వేస్తే స్టార్టయింది. మూడుసార్లు అదే వరస. మూడోసారికి తమ్ముడు చేతులెత్తేశాడు. "ఒప్పుకున్నానక్కా! నీ కాలు బంగారం!"

"తీర్పయింది" అంటూ జడ్జిగారు చొక్కాజేబులోంచి కొత్త సెన్సరు తీసి బిగించడం మొదలుపెట్టారు.

లెక్కల టీచరమ్మ కదా, చూస్తూ ఊరుకోలేదు. తమ్ముడు చెయ్యి కడుక్కోడానికి వెళ్లినప్పుడు దగ్గరికొచ్చి అడిగింది. "కొత్తది ఎప్పుడు తెచ్చారండీ?"

"సోమవారం సాయంత్రం."

"అంటే మీకు సోమవారమే తెలుసా? మరి అప్పుడే మార్చేస్తే పోయేదిగా! రెండు రాత్రులు నాకు నిద్రలేదు."

జడ్జిగారు తల ఎత్తకుండా నట్టు బిగిస్తూ అన్నారు: "మారిస్తే బండి బాగయ్యేదమ్మా. మీ మీద కేసు మాత్రం అలాగే ఉండిపోయేది."

శుక్రవారం కారు ఎక్కడా ఆగలేదు. టీచరమ్మ పరీక్ష పాసై, నేరుగా షెడ్డుకే నడుపుకుంటూ వచ్చింది. అద్దానికి అంటించి ఉన్న ఎర్ర 'ఎల్' బోర్డు ఊడదీసి ఆయన చేతికిచ్చింది.

జడ్జిగారు దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, గుడ్డతో తుడిచి, అలమరలో పెట్రోలు పంపుని కాస్త పక్కకి జరిపి నిలబెట్టారు.

"పాపం, ఇన్నాళ్లూ తప్పంతా దీనిమీదే తోశారు" అన్నారు.