ఆపినా వెలిగే బల్బు

మా ఆయన పోయిన కొన్నాళ్ళకి షెడ్డు తాళం తీశాను. తీయాలనిపించి కాదు. మా చర్చి సంఘం హార్మోనియం అందులో ఉండిపోయింది. సంఘ పెద్దగారు ఒకటికి రెండుసార్లు వచ్చి, వచ్చిన పని చెప్పకుండా మజ్జిగ తాగి వెళ్ళారు. మళ్ళీ ఆయన్ని అలా పంపడం బాగుండదనిపించింది.

ఆయన స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక హార్మోనియాలు బాగుచేసేవారు. చర్చిలవీ, భజన గుళ్ళవీ, రాజోలు వైపు నుంచీ కొత్తపేట వైపు నుంచీ వచ్చేవి. ఇంటి వెనక కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు. మధ్యాహ్నం కూడా అందులో లైటు కావాలి. నేను లైబ్రరీలో పనిచేసినదాన్ని. సాయంత్రాలు ఆయన షెడ్డులోనే కూర్చుని చదువుకునేదాన్ని. అప్పుడప్పుడు రీడ్లు నా ముందు పెట్టి తుడవమనేవారు. రీడంటే ఇత్తడి చట్రంలో బిగించిన సన్నటి రేకు నాలుక. తిత్తిలోంచి వచ్చే గాలికి అది ఆడితే స్వరం పలుకుతుంది. నాలుకకీ చట్రానికీ మధ్య సందులో నలుసు పడితే ఆ స్వరం జీరబోతుంది. సంఘం హార్మోనియానికి మిగిలింది ఆ తుడిచే పనే. నేను చేసి ఇచ్చెయ్యగలననుకున్నాను.

కూర్చుంటే ఏమీ కనబడలేదు. పైన ఉన్న పాత బల్బు వెలుతురు వెనక నుంచి వచ్చి నా తల నీడని బల్ల మీద వేస్తోంది. బల్లకి బిగించిన ఇనప మెడ లైటులో బల్బు మాడిపోయింది. అమలాపురం వెళ్ళి రెండు ఎల్‌ఈడీ బల్బులు తెచ్చాను. కొట్టతను తెల్లవి తీసుకోమన్నాడు, ఎక్కువ వెలుతురన్నాడు. ఎక్కువే. ఆ వెలుతురులో ఇత్తడి మెరిసిపోయి సందు కనబడకుండా పోయింది. కళ్ళు నొప్పెట్టేయి తప్ప పని జరగలేదు. మళ్ళీ వెళ్ళి పసుపు వెలుతురివి తెచ్చాను. పైబల్బుని జరపలేను కాబట్టి బల్లనే తోసి, వెలుతురు ఎదురుగా వచ్చేలా పెట్టుకున్నాను. రీడుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే సందు సన్నటి గీతలా కనబడింది. ఆ గీత తెగినచోట నలుసు ఉన్నట్టు.

స్టూలెక్కి బల్బులు నేనే మార్చాను. మార్చిన ప్రతిసారీ ముందు స్విచ్చి ఆపాను.

ఆ సాయంత్రం లైట్లు ఆపి తాళం వేసి వెనక్కి తిరిగితే కిటికీలోంచి వెలుతురు కనబడింది. ఒక కంటికి అప్పటికే శుక్లాల ఆపరేషనైంది. కన్నేమో అనుకున్నాను. తలుపు తీసి చూస్తే రెండు బల్బులూ వెలుగుతున్నాయి, చాలా తక్కువగా. ఆ వెలుతురు చదవడానికి చాలదు. బల్బు ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. స్విచ్చిలు ఆపే ఉన్నాయి. వేసి మళ్ళీ ఆపాను. అలాగే ఉంది.

పక్కింటి వదినగారికి చెబితే, "అన్నయ్యగారు ఇంకా అక్కడే ఉన్నారేమోనండి" అంది, ఓదార్పుగానే. నాకు ఆ మాట నచ్చలేదు. ఆయన ఉంటే లైటు ఆర్పి భోజనానికి వచ్చేవారు.

కొట్టతను బల్బులు మార్చి ఇచ్చాడు. కొత్తవీ అలాగే వెలిగాయి. అప్పుడు ఫోనులో వెతికి చదివాను. స్విచ్చి అన్నది కరెంటు వచ్చే తీగ మీద ఉండాలట. పొరపాటున తిరిగి వెళ్ళే తీగ మీద పెడితే, స్విచ్చి ఆపినా కరెంటు బల్బు దాకా వచ్చి నిలబడే ఉంటుందట. పాత బల్బులు ఆ సంగతి బయటపెట్టవు. ఎల్‌ఈడీకి ఆ కాస్తా చాలు, మినుకుమంటుంది. వెలుతురు వల్ల ప్రమాదం లేదు, ఆపేశాం కదా అని హోల్డరు ముట్టుకుంటేనే ప్రమాదం అని రాశారు.

ఆయన టెస్టరు సొరుగులోనే ఉంది. స్విచ్చి ఆపి, బల్బు తీసి, హోల్డరులో పెట్టి చూశాను. ఒక ముల్లు దగ్గర టెస్టరు వెలిగింది.

నేను స్టూలెక్కిన సంగతి కాదు నాకు ముందు గుర్తొచ్చింది.

ఆయన పోయిన రోజు పొద్దున్న టీ తీసుకెళ్ళింది నేనే. ముసురు పట్టి ఉంది. ఆయన కుర్చీలోనే ఉన్నారు. తల హార్మోనియం మీద వాలి ఉంది. బ్రష్షు కింద పడి ఉంది. కుడిచెయ్యి బల్ల మీద చాచి ఉంది, వేళ్ళు ఇనప లైటు మొదట్లో ఆనుకుని. డాక్టరుగారు వచ్చి గుండెపోటన్నారు. వయసుంది, షుగరుంది. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆ చెయ్యి సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. లైటు వెలుగుతోందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు.

షెడ్డు వైరింగు మా తమ్ముడు చేశాడు. రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేస్తాడు. మేం ఎలక్ట్రీషియన్ని పిలుద్దామనుకుంటే, "నేనుండగా మా అక్క ఇంటికి బయటివాడు తీగ లాగుతాడా అండీ బావగారూ" అని నిష్ఠూరమాడి, ఒక ఆదివారం కూర్చుని పూర్తిచేశాడు. సమాధి దగ్గర నన్ను పట్టుకోవలసినవాణ్ణి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

వాణ్ణి పిలిస్తే చూడగానే తన పొరపాటు తెలిసిపోతుంది. ఇంకొకరిని పిలిస్తే సాయంత్రానికల్లా ఎవరో వాడికి చెబుతారు. అలా వదిలేస్తే ఎవరైనా హోల్డరు ముట్టుకుంటారు. ఆ ఇనప లైటుకి కరెంటు వస్తోందో లేదో ముందు నేను తేల్చుకోవాలి. టెస్టరుని ప్లగ్గులో పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, తరవాత ఇనప లైటుకి ఆనించాను. వెలగలేదు. మళ్ళీ ప్లగ్గులో, మళ్ళీ లైటుకి. మెడ మీదా, మొదట్లోనూ, తీగ లోపలికి వెళ్ళే చోటా పెట్టి చూశాను. ఆ చోట ఆయన చుట్టిన నల్ల టేపు ఉంది, చెక్కుచెదరకుండా. అది ఎందుకు చుట్టారో తెలియదు. విప్పే ధైర్యం లేకపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు ముసురు కదా, చెమ్మలో వేరేగా ఉంటుందేమో అనిపించింది. వాన కోసం ఎదురుచూశాను. వాన పడ్డ రోజు వెళ్ళి అన్నిచోట్లా మళ్ళీ పెట్టి చూశాను. వెలగలేదు. అప్పుడు తమ్ముడికి ఫోను చేశాను. షెడ్డులో లైట్లు చూడాలని మాత్రం చెప్పాను.

మర్నాడు చెప్పులు వాకిట్లో వదిలి, గడపలోంచే మొదలుపెట్టాడు.

"అదేంటక్కా, బల్ల అటు తిప్పేసేవు? కంటాపరేషను నీకా, హార్మణీకా?"

నేను నవ్వలేదు. స్విచ్చిలు ఆపి తలుపు దగ్గరికి వేశాను. బల్బులు చూశాడు. బోర్డు వైపు చూశాడు. నా చేతిలోంచి టెస్టరు తీసుకుని బోర్డు విప్పాడు. ఒక్కో తీగకీ టెస్టరు ఆనించి చూశాడు. ఏ తీగ ఎటు వెళ్తోందో వాడికి నేను చెప్పనక్కర్లేదు. తిరిగి చూడకుండానే అడిగాడు.

"ఆ రోజు బావగారి చెయ్యి ఎక్కడుందక్కా?"

అబద్ధం చెప్పొచ్చనుకున్నాను, ఒక్క క్షణం.

"లైటు దగ్గర" అన్నాను. "టెస్టరు పెట్టి చూశేను. వాన్లో కూడా చూశేను. ఇనుముకి కరెంటు రావట్లేదురా."

నా మాట పూర్తికాకుండానే స్విచ్చి వేసి, తడికాళ్ళతో ఉత్త నేల మీద నిలబడి, చేతి వెనక భాగాన్ని లైటుకి ఆనించాడు. నేను వాడి చొక్కా పట్టి లాగాను. వాడు కదల్లేదు. మెడ మీద పెట్టాడు, మొదట్లో పెట్టాడు. స్విచ్చి ఆపి మళ్ళీ పెట్టాడు. తరవాత మెయిను దించేసి ఆ నల్ల టేపు విప్పాడు. నేను పక్కకి తిరిగాను.

"చూడక్కా. పై తొడుగే చిట్లింది. లోపలి తీగలు బానే ఉన్నాయి. చూడు."

చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎర్ర తీగా నల్ల తీగా ఎక్కడా చిట్లలేదు. రాగి కనబడలేదు.

వాడు టేపు మళ్ళీ చుట్టాడు. తరవాత బోర్డులో తీగలు మార్చాడు. టార్చి నేను పట్టుకున్నాను. అయ్యాక మెయిను ఎత్తి, బల్బులు వేసి చూసి, ఆపాడు. పగటి వెలుతురింకా ఉంది, ఏమీ తెలియడం లేదు. ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. మొన్న నేను తుడిచిన రీడ్లు వాడికి చూపించాను. ఒకటి తీసి నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. పలికింది.

మెల్లగా చీకటి పడింది. ముందు బల్ల చివర కనబడకుండా పోయింది, తరవాత వాడి మొహం. పైబల్బు ఎక్కడుందో తెలియలేదు.

"తాళం వేసెయ్యనా అక్కా?"

"ఉండు" అన్నాను. "ఇంకాసేపు చూద్దాం."

"ఆయ్" అని మళ్ళీ కూర్చున్నాడు.