మా ఫోన్లలో మేమే ముందు

బావ చనిపోయిన ఏడాదే మా అక్క బొంబాయి నుంచి గద్వాలకు తిరిగొచ్చి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఇద్దరూ గుంపు మేస్త్రి వెంట బిల్డింగ్ పనులకు వలస పోయేవాళ్లు. అక్కడే ఒక బిల్డింగ్ మీద నుంచి బావ పడిపోయాడు. అక్క ఏడవలేదు. దినాలయ్యాక కూడా ఏడవలేదు. నేనూ అంతే. లోపలంతా తిమ్మిరెక్కినట్టుండేది. పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పెట్టేదాన్ని, గ్లాసులు కడిగేదాన్ని.

మేస్త్రి మాత్రం అక్కను మరిచిపోలేదు. “దసరా అయినంక గుంపు పోతది. నీ పేరు రాసుకోమంటవా అక్కా?” అని ఫోన్ చేశాడు. అక్క “చూస్త” అంది. రొట్టెలు నడిస్తే ఇక్కడే ఉంటుంది. లేకపోతే బావ పడిన ఊరికే మళ్లీ సిమెంటు మోయడానికి పోతుంది. మా ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

గద్వాల వైపు, కర్ణాటక పక్కనే కాబట్టి, జొన్న రొట్టెను పలుచగా కాల్చి అప్పడంలా గట్టిపడేదాకా ఆరబెడతారు. కడక్ రొట్టె అంటారు. చాలా రోజులు నిలవుంటుంది. ఊళ్లో ఎవరింట్లో వాళ్లు చేసుకునేదాన్ని ఊళ్లో ఎవరు కొంటారు? అందుకే ఆన్‌లైన్‌లో దుకాణం పెట్టాం. నేనుండేది వనపర్తిలో. పెళ్లికి ముందు నెట్ సెంటర్‌లో పనిచేశాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. పడినందుకు బాధేమీ లేదు. ఫోటోలు ఎక్కించడానికి, ధరలు మార్చడానికి మనసుతో పని లేదు.

దుకాణం సెర్చ్‌లో పైకి రావాలంటే రోజూ ఎవరో ఒకరు వెతికి తెరవాలని మా ఆయన ఎక్కడో విన్నాడు. అంతే, ఇంటి గ్రూపులో హాజరు పట్టీ మొదలైంది. పొద్దున్నే గద్వాలలో అమ్మ, వనపర్తిలో మేము, నాగర్‌కర్నూల్‌లో పెద్దమ్మ, తెలకపల్లిలో చిన్నమ్మ పిల్లలు, అందరూ కడక్ రొట్టె అని కొట్టి, మా దుకాణం తెరిచి, గ్రూపులో ఫోటో పెట్టేవాళ్లు. కొన్నాళ్లకు అన్ని ఫోన్లలోనూ మేమే ముందు. “మనమే ఫస్టు” అని పెద్దమ్మ రోజూ దండం బొమ్మ పెట్టేది. ఆర్డర్లు మాత్రం ఆ దండాలు పెట్టినవాళ్ల నుంచే వచ్చేవి.

ఒకసారి అక్క నాగర్‌కర్నూల్ వెళ్లి బస్సులో వస్తూ, పక్క సీట్లో కూర్చున్న టీచరమ్మతో మాట కలిపింది. మా దుకాణం ఫోన్‌లో ఉందని, కడక్ రొట్టె అని కొట్టి చూడమని అడిగింది. ఆవిడ కొట్టింది. ఎవరెవరివో దుకాణాలు వచ్చాయి, మాది రాలేదు. ఆవిడ పాపం ఓపిగ్గా కిందికి జరుపుతూనే ఉందట. అక్క వనపర్తిలో దిగి మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అంది:

“ఆమె ఫోన్ల మనం లేమే.”

“నెట్ లేదేమో.”

“నెట్ ఉంది. మనమే లేము.”

గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. నీళ్లు తాగి గద్వాల బస్సెక్కింది. నాకు గుండె జారిపోవాల్సింది. జారలేదు. కూర్చుని పని చూశాను.

విషయం చాలా చిన్నది. మనం రోజూ ఏది తెరుస్తామో ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది, మనకు అదే ముందు చూపిస్తుంది. మా ఫోన్లు మమ్మల్ని బుజ్జగిస్తూ వచ్చాయి. ఆ గుర్తులేవీ లేకుండా వెతికితే ఎన్ని పేజీలు తిప్పినా మేము కనబడలేదు. కనబడతామా? దుకాణంలో రొట్టె పేరు ‘హెరిటేజ్ మిల్లెట్ క్రిస్ప్’. ఆ పేరు మా ఆయన పెట్టాడు. ఆ పేరుతో వెతికేవాడు భూమ్మీద ఆయనొక్కడే.

జనం నెట్‌లో ఏం అడుగుతున్నారో చూశాను. కడక్ రొట్టె ఎలా తినాలి? ఎండిన రొట్టె మెత్తబడాలంటే ఏం చేయాలి? ఇలాంటివే. పేరు ‘గద్వాల కడక్ జొన్న రొట్టె’ అని మార్చాను. పేజీ తెరుచుకోవడానికి యుగాలు పడుతుంటే ఫోటోల సైజు తగ్గించాను. ఆ ప్రశ్నలే అక్కను అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు పేజీలో రాశాను.

“జర నీళ్లు చల్లి బట్టల చుట్టి పెడితే మెత్తగయితది. మా ఆయనకైతే గట్టిదే కావాలె. పని కాడ మధ్యాహ్నం ఉల్లిగడ్డ, ఎర్రకారం పెట్టుకొని గట్లనే కొరుక్కొని తింటుండె.”

బావ పోయాక ఆయన మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. నేను రాయడం ఆపాను.

“ఆ మాట తీసెయ్యాల్నా అక్కా?”

“ఎందుకు? తిన్నది నిజమే గద.”

ఉంచేశాను. గ్రూపులో హాజరు ఆపించాను, పెద్దమ్మ అలిగింది. వినాయక చవితి నాటికి ముఖం తెలియనివాళ్ల ఆర్డర్ ఒకటి వచ్చింది, హైదరాబాద్ నుంచి. తర్వాత బెంగళూరు. బతుకమ్మ మొదలయ్యేసరికి అక్కకు రెండో పొయ్యి పెట్టక తప్పలేదు. అయినా మేస్త్రికి ఏమీ చెప్పలేదు.

దసరాకు నేను గద్వాలలోనే ఉన్నాను. ఆ రోజు బొంబాయి నుంచి ఆర్డర్ వచ్చింది. ఎవరో మనవైపు ఆవిడే. “మా ఆయన కూడా పని కాడ రొట్టె గట్లనే తింటడు, రెండు కట్టలు పంపు అక్కా” అని రాసింది. చదివి వినిపించాను. అక్క నా ఫోన్ తీసుకుని మేస్త్రికి చేసింది.

“నా పేరు రాసుకోకు అన్నా. నేను రాను.”

ఫోన్ పెట్టేసి రొట్టెలు కట్టింది, విరగకుండా మధ్యలో అట్టలు పెట్టి. అతికించాక పెట్టె మీద చెయ్యి వేసి అడిగింది:

“బొంబాయికి ఎన్ని దినాలు పడతది?”

“మూడు దినాల్ల పోతది.”

“మీ బావను ఇంటికి పంపనీకి ఆ బిల్డింగోళ్లకు గంతకంటె ఎక్కువ పట్టింది.”

అని, ఆ పెట్టె మీదే తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.