మొగులు పాట

మొన్న మా మనవరాలు ఫోనులో ఎవరో అమ్మాయి పాడిన కొత్త ఆల్బం పెట్టింది. పాటలన్నీ ఆ అమ్మాయే రాసుకుని, ఏ కంపెనీ అండా లేకుండా తానే తెచ్చిందట. బాణీలు మాత్రం పాతకాలపువి. హార్మోనియం తిత్తి గాలి పీల్చిన చప్పుడు చెవిన పడగానే నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లాను, వరండాలోకి వచ్చాను, మళ్లీ లోపలికి వెళ్లాను. సుగుణక్క నా పక్కనే తిరుగుతున్నట్టుంది.

అరవైల మొదట్లో నేను నల్గొండలో ఒక బాలికల పాఠశాలలో కొత్తగా చేరిన తెలుగు టీచరును. సుగుణక్క అక్కడే కుట్టుపని నేర్పేది. మక్తల్ వైపు నేతవాళ్ల బిడ్డ. పాటలు రాసి, బాణీలు కూడా తానే కట్టేది. అప్పటికే పాతబడిన నాటకాల వరుసలంటే ఆమెకు ప్రాణం. ఒక్క మాట కోసం సాయంత్రమంతా ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. నేను హార్మోనియంతో ఆమె వెంట పరుగెత్తేదాన్ని. జర కుదురుగా కూర్చోమంటే, "కుదురుంటే పాటెందుకే పిల్లా, పండుకుంట గదా" అనేది.

ఆమె మేనత్త మర్రిగూడలో ఉండేది. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయి, గడప దాటలేక, పొద్దంతా ఆకాశం చూస్తూ కూర్చునేది. ఆమె నోటి మాటే సుగుణక్కకు పాటయింది: "యాడికి బోతున్నవే మొగులూ, జర నిలవడి పోరాదే." మబ్బును మావాళ్లు మొగులంటారు. ఆ పాటతో కలిపి నాలుగింటిని రికార్డు చేయించాలని, అత్త బతికుండగానే వినిపించాలని ఆమె తొందర. కంపెనీలు ఉత్తరాలకు జవాబు రాయకపోతే, హైదరాబాదులో ఒక చిన్న స్టూడియో తానే మాట్లాడుకుంది.

స్టూడియో యజమాని మర్యాదస్తుడు. బాణీ ఎంతో మెచ్చుకున్నాడు. మాటలే మోటుగా ఉన్నాయని, మొగులు తీసి మేఘం పెడితే రేడియోవాళ్లు కూడా వేస్తారని చెప్పాడు. సుగుణక్క నా ముఖం చూసింది.

"ఒక్క మాటే గదక్కా" అన్నాను.

ఆమె మేఘమనే పాడింది. పాట తేనెలా వచ్చింది. మిగతా మూడూ అయిపోయాయి. నేను హార్మోనియం మూస్తున్నాను. ఆమె ఆ ఇరుకు గదిలో నడవడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు అటు, నాలుగు ఇటు. చివరకు యజమాని ముందు ఆగింది.

"మా అత్తకు మేఘమంటే ఎవరో తెల్వదు సారూ. మళ్ల పాడుత."

అప్పటికే గొంతు అలిసిపోయింది. రెండో చరణంలో బొంగురుపోయి, ఒకచోట విరిగింది. ఇంకోసారి పాడే సత్తువ లేదు. మొదటిదే ఉంచుకోమని యజమాని బతిమాలినా వినక, విరిగినదాన్నే రికార్డుకు ఇచ్చింది. తర్వాత రేడియోవాళ్లు దాన్ని తిప్పి పంపారు.

అడిగి తెచ్చిన గ్రామఫోనుతో ఇద్దరం మర్రిగూడకు వెళ్లాం. ముసలమ్మ చెవి దగ్గరగా పెట్టి వింది. గొంతు విరిగిన చోట చెయ్యెత్తి ఆపమంది.

"గీడ ఏడ్సినవా బిడ్డా?"

"లేదత్తా, గొంతు పోయింది."

"ఉండనియ్యి. గట్లనే ఉండాలె."

మళ్లీ పెట్టమంది. మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. ఆ ఏడు వానలు రాకముందే పోయింది.

తర్వాత సుగుణక్కకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. ఉత్తరాలు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. స్టూడియోలో నేనన్న మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఒకసారి కోప్పడినా నాకు తేలికయ్యేది.

ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లలు వ్యాసంలో ఇంటి మాట రాస్తే, ఎర్ర సిరాతో గీత గీయబోయి నా చెయ్యి ఎన్నోసార్లు ఆగింది. ఆగని రోజులూ ఉన్నాయి. నోటుబుక్కు అందుకుని, ఆ గీత వైపు చూసి, వెళ్లి కూర్చున్న ఆ పిల్లల ముఖాలు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.